శేషానికి ప్రతిపదార్థం

టేలర్ విస్తరణ ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనో బీఎస్సీలోనో లెక్కలు చదివినవాళ్లందరికీ ఎంతోకొంత గుర్తుంటుంది. గుర్తుండనిది దాని తోక. నాలుగో ఘాతం వరకు విస్తరించండి అంటే విస్తరించేసి, మూడు చుక్కలు పెట్టి, కింద గీత గీసి పక్క లెక్కకు వెళ్లిపోతాం. ఆ మూడు చుక్కల్లో ఎంత పోయిందో అడిగేవాళ్లుండరు. 1715లో ఈ శ్రేణిని అచ్చులోకి తెచ్చిన బ్రూక్ టేలరూ అడగలేదు. ఆ ప్రశ్నకు సూత్రం రూపంలో జవాబు 1797లో లగ్రాంజ్ పుస్తకంలో వచ్చింది. అంటే ఎనభై ఏళ్లకు పైగా లోకం చుక్కలతోనే కాలక్షేపం చేసింది.

ఆ జవాబుకే ఈ వ్యాఖ్యానం. ముందు సందర్భం. ఒక ప్రమేయం గురించి ఒక్క బిందువు దగ్గర మనకు అన్నీ తెలుసు: దాని విలువ, మొదటి అవకలజం, రెండోది, అలా ఒక మెట్టు దాకా. ఆ బిందువును కేంద్రం అందాం. తెలిసిన సమాచారంతో ఒక బహుపది కట్టి, కేంద్రానికి కాస్త అవతల ప్రమేయం విలువ కావలసి వచ్చినప్పుడు దాని బదులు బహుపది విలువ వాడుకుంటాం. అప్పుడు వచ్చే తేడా ఇది:

శేషం = (తర్వాతి అవకలజం, నడుమ ఒకానొక బిందువు వద్ద) ÷ (తర్వాతి క్రమగుణితం) × (దూరానికి తర్వాతి ఘాతం)

పుస్తకాల్లో అక్షరాలతో రాసేదాన్నే మాటల్లో పెట్టాను. ఆ మెట్టు తర్వాతి అవకలజం కూడా కేంద్రానికీ మనకు కావలసిన బిందువుకూ మధ్య ఉండాలన్నది ఒక్కటే షరతు.

శేషం. అసలు విలువలోంచి బహుపది విలువ తీసేస్తే మిగిలేది, గుర్తుతో సహా. ధనమైతే మన లెక్క తక్కువ చూపింది, ఋణమైతే ఎక్కువ చూపింది. పాఠ్యపుస్తకాలు దీన్ని వెంటనే పరమ మూల్యం గీతల మధ్య బిగించి గుర్తును పోగొడతాయి. నా మటుకు అది చేతిలో ఉన్న సొమ్మును పారేయడమే. ఎందుకో √26 లెక్కలో చూపిస్తాను. ఇంకొక సంగతి: బహుపది ఒక్కటీ ఉంటే అది ఉజ్జాయింపు. బహుపదికి శేషం కలిపితే ఉజ్జాయింపు కాదు, నిక్కమైన సమానత్వం. ఈ సూత్రం బలమంతా అక్కడే ఉంది. తేడాను ‘చిన్నదే లెండి’ అని వదిలేయకుండా సమీకరణంలో కూర్చోబెట్టి పేరు పెట్టింది.

తర్వాతి. ఈ మాట సూత్రంలో మూడుసార్లు వచ్చింది, ఊరికే రాలేదు. మూడో ఘాతం దగ్గర ఆగితే నాలుగో అవకలజం, 4!, దూరానికి నాలుగో ఘాతం. అంటే శేషం చూడటానికి అచ్చం మనం రాయకుండా వదిలేసిన మొదటి పదంలా ఉంటుంది. తేడా ఒక్కటే: ఆ పదంలో అవకలజాన్ని కేంద్రం దగ్గర తీసుకుంటాం, శేషంలో నడుమ ఎక్కడో తీసుకుంటాం. మొదట వదిలేసిన పదమొక్కటే, వెనకున్న అనంతమైన పదాలన్నిటి భారమూ మోస్తుందన్నమాట. అందుకు ప్రతిఫలంగా అడిగింది కాస్త చోటు మార్చడమే.

‘తర్వాతి’ని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్న దగ్గర చాలామంది జారుతారు. సైన్ 20 డిగ్రీలు కావాలి. ముందుగా రేడియన్లలోకి మార్చాలి. 20ని అలాగే సూత్రంలో వేసేస్తే వచ్చేది జవాబు కాదు, వేడుక. 20 డిగ్రీలంటే 0.349066 రేడియన్లు. సున్నా కేంద్రంగా సైన్ విస్తరణ: కోణం, అందులోంచి కోణం ఘనంలో ఆరో వంతు తీసివేత. లెక్క వేస్తే 0.341977. ఇప్పుడు దోషం. మూడో ఘాతం దగ్గర ఆగాం కాబట్టి తర్వాతిది నాలుగు అనుకుందాం. సైన్ అవకలజాలు ఎన్నోవైనా 1 దాటవు. కోణం నాలుగో ఘాతాన్ని 24తో భాగిస్తే 0.00062. దోషం అంతకు మించదు. నిజమే, తప్పేమీ లేదు. కానీ సైన్ విస్తరణలో నాలుగో ఘాతం పదం సున్నా. ఆ సున్నాను కూడా మన బహుపదిలో రాసుకున్నట్టే లెక్క! కాబట్టి మనం నిజానికి నాలుగో మెట్టు మీద ఉన్నాం, తర్వాతిది ఐదు. కోణం ఐదో ఘాతాన్ని 120తో భాగిస్తే 0.0000432. హద్దు ఒక్కసారిగా పద్నాలుగు రెట్లు బిగిసింది. అసలు సైన్ విలువ 0.342020, అసలు దోషం 0.0000431. కొత్తగా ఏమీ లెక్కించలేదు. ఖాళీగా ఉన్న పదాన్ని గమనించాం, అంతే.

అవకలజం. సూత్రంలో పని చేయించేది ఇదే. సైన్, కొసైన్ల విషయంలో మన పని ఎవరో ముందే చేసిపెట్టినట్టు ఉంటుంది: ఎన్నిసార్లు అవకలనం చేసినా 1 లోపలే. పుస్తకాల్లో ఉదాహరణలన్నీ వాటిమీదే ఎందుకుంటాయో ఇక చెప్పక్కర్లేదు. ఆయిలర్ సంఖ్య దగ్గరికి వస్తే అసలు చిక్కు తెలుస్తుంది. 1 + 1 + 1/2! + 1/3! + … అని కూడుతూ పోతే వచ్చే సంఖ్య అది. 1/9! వరకు కూడి ఆపితే దోషం ఎంత? ఆయిలర్ సంఖ్యకు ఎక్స్ ఘాతం వేసే ప్రమేయాన్ని సున్నా కేంద్రంగా విస్తరించి, దూరం 1 వేస్తే వచ్చే శ్రేణే ఇది. ఆ ఘాత ప్రమేయం అవకలజం మళ్లీ అదే ప్రమేయం. కాబట్టి సున్నాకూ ఒకటికీ మధ్య దాని గరిష్ఠ విలువ కావాలి. ఆ గరిష్ఠ విలువ ఏది? ఆయిలర్ సంఖ్యే! దేని విలువ కోసం వెతుకుతున్నామో దాన్నే ముందు తెచ్చివ్వమంటోంది సూత్రం.

ఇక్కడే విద్యార్థి పెన్ను కింద పెట్టేస్తాడు. పెట్టక్కర్లేదు. మనకు ఆ సంఖ్య అక్కర్లేదు, అది దాటని ఇంకొక సంఖ్య చాలు. 1/3! స్థానంలో దానికంటే పెద్దదైన 1/4, 1/4! స్థానంలో 1/8, అలా సగాలు సగాలు వేసుకుంటూ పోతే మొత్తం 1 + 1 + 1/2 + 1/4 + 1/8 + …, అంటే 3. ఆయిలర్ సంఖ్య 3 కంటే తక్కువ. మోటు హద్దే, కానీ చాలు. దోషం 3/10! కంటే తక్కువ, అంటే 0.00000083 కంటే తక్కువ. కూడిన మొత్తం 2.7182815, అసలు దోషం 0.00000030. మన హద్దు దోషానికి మూడు రెట్ల లోపే ఉంది. ఆ 3 బదులు 2.8 వాడి చెమటోడ్చినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు. పదింతల మేర తగ్గించాలంటే ఇంకో పదం కూడితే సరి, 10! కాస్తా 11! అవుతుంది. హద్దు దగ్గర పిసినారితనం, పదాల దగ్గర బద్ధకం రెండూ కలిసి ఉండేవాళ్లకు ఈ విద్య అబ్బదు.

నడుమ ఒకానొక బిందువు. ఇక వ్యాఖ్యానం నిలబడాల్సిన చోటు. ఇంటర్‌లో రోల్ సిద్ధాంతం, లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం చదివినవాళ్లకు ఈ బిందువు పాత పరిచయమే. రోల్ సిద్ధాంతాన్ని పదేపదే వాడితేనే ఇది పుడుతుంది. ఆ సిద్ధాంతం ఒక బిందువు ఉందంటుందే గానీ ఎక్కడుందో చెప్పదు. మధ్యమ మూల్యం లెక్కల్లో ఆ బిందువును కనుక్కోమని అడగడం మనకు ఆనవాయితీ. అందుకే ఇక్కడా దాన్ని పట్టుకుంటే గానీ లెక్క సాగదనుకుంటారు. పట్టుకోగలిగితే దోషమెంతో కచ్చితంగా తెలిసిపోయేది, అసలు విలువే చేతికొచ్చేది, ఇక ఉజ్జాయింపుతో పనేముంది?

కావాలంటే వెనక్కి నడిచి చూద్దాం. సైన్ 20 డిగ్రీల అసలు విలువ మనకు ఇప్పుడు తెలుసు, దోషం తెలుసు. దాన్ని కోణం ఐదో ఘాతం ÷ 120తో భాగిస్తే నడిమి బిందువు దగ్గరి అవకలజం వస్తుంది: 0.9971. సైన్ ఐదో అవకలజం కొసైన్. కొసైన్ 0.9971 అయ్యే కోణం 4.36 డిగ్రీలు. సున్నాకూ ఇరవైకీ మధ్య మన అజ్ఞాత బిందువు దాక్కున్న చోటు అది. తెలిసింది గానీ, జవాబు తెలిశాక తెలిసింది. 25 డిగ్రీలకు లెక్క వేస్తే అది ఇంకోచోటికి మారుతుంది, ఇంకో రెండు పదాలు కలిపినా మారుతుంది. దాని వెంట పడటం దండగ.

కాబట్టి దాన్ని వెతకం, దారులు మూస్తాం. అది ఎక్కడున్నా సరే అవకలజం ఇంతకు మించదు అనగలిగే ఒక సంఖ్యను పట్టుకుంటాం. చెరువులోకి ఈ ఏడు ఎంత వరద వస్తుందో ఎవరూ చెప్పలేరు. కట్ట ఎంత ఎత్తుండాలో మాత్రం కట్టేవాడు చెప్పి తీరాలి. ఎంత తప్పో తెలియకపోయినా ఎంతకు మించి తప్పు లేదో చెప్పగలగడం ఒక రకమైన జ్ఞానమే. నా దృష్టిలో టేలర్ అధ్యాయం మొత్తంలో నేర్చుకోవలసిన అసలు సంగతి ఇదే, విస్తరణ కాదు.

ఇప్పుడు √26. కేంద్రంగా 25 తీసుకుంటే దూరం 1. మొదటి పదం 5, రెండోది 1/10, మూడోది ఋణ 1/1000. మొత్తం 5.099. శేషానికి కావలసింది మూడో అవకలజం, దాన్ని 3!తో భాగించాక మిగిలేది, నడిమి బిందువు వర్గమూలానికి ఐదో ఘాతం వేసి, దాన్ని 16తో గుణించి, ఆ మొత్తంతో 1ని భాగిస్తే వచ్చే సంఖ్య. ఇది ధనం. బిందువు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి అత్యధికం 25 దగ్గర: 16 × 3125తో ఒకటిని భాగించాలి, అంటే 0.00002. అత్యల్పం 26 దగ్గర: 0.0000181. ఇప్పుడు గుర్తును పారేయనందుకు ఫలితం చూడండి. √26 ఖాయంగా 5.0990181కీ 5.0990200కీ మధ్య ఉంది. పరమ మూల్యం గీతలు పెట్టుకుని ఉంటే 5.09898కీ 5.09902కీ మధ్య అని మాత్రమే చెప్పగలిగేవాళ్లం. అసలు విలువ 5.0990195.

ఈ దారులు మూసే పద్ధతి ఒక్కోసారి ఎదురుతిరుగుతుంది కూడా. 0.4కు సహజ సంవర్గమానం కావాలి, కేంద్రం 1. దూరం 0.6, వెనక్కి. నడిమి బిందువు 0.4 దాకా రావచ్చు. అక్కడి దాకా వచ్చిందనుకుని హద్దు వేస్తే 0.6/0.4, అంటే 1.5కు ఘాతాలు పెరుగుతూ పోతాయి. పదాలు కలిపేకొద్దీ హద్దు చిక్కాల్సింది పోయి ఉబ్బుతుంది. శ్రేణి మాత్రం నింపాదిగా అసలు విలువ వైపే నడుస్తూ ఉంటుంది. హద్దు పెరిగిందంటే దోషం పెరిగిందని కాదు. మనకు తెలియనిది మరీ ఎక్కువైందని. ఇలాంటి చోట లగ్రాంజ్ రూపం వదిలి, శేషాన్ని ఇంకోలా రాసే కోషీ రూపం పట్టుకోవాలి.

క్రమగుణితం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏ స్థిర సంఖ్య ఘాతాన్నైనా చివరికి ఇది దాటేస్తుంది. సైన్, కొసైన్, ఘాత ప్రమేయాల శ్రేణులు ఎంత దూరానికైనా పనిచేస్తాయంటే ఆ చలవ దీనిదే.

దూరానికి తర్వాతి ఘాతం. ‘చివరికి’ అన్నానే, ఆ మాటలో ఇబ్బంది దాగి ఉంది. సైన్‌కు కోణం 30 రేడియన్లు ఇచ్చి సున్నా దగ్గరి శ్రేణితో లెక్కించమనండి. శేషం సూత్రం ప్రకారం కావలసినన్ని పదాలు కూడితే దోషం ఎంతకైనా తగ్గుతుంది. కానీ దారిలో 30కి 29వ ఘాతం ÷ 29! అనే పదం ఎదురవుతుంది. దాని విలువ 77 వేల కోట్లకు పైనే. అంతంత పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి 1 లోపల తేలాలి. పదహారు అంకెలే ఉంచుకునే కంప్యూటర్‌లో నాలుగో దశాంశ స్థానం దగ్గరే నమ్మకం సడలుతుంది. శేషం సూత్రానికి ఈ గొడవ పట్టదు. అది పదాలు ఆపడం వల్ల వచ్చే దోషాన్ని లెక్కిస్తుందే తప్ప, అంకెలు కత్తిరించడం వల్ల వచ్చే దోషాన్ని కాదు. రెండూ కలిపితేనే మన జవాబులో ఉన్న దోషం. ఈ సంగతి చాలా పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలోనైనా చెప్పవు.

మందు తేలికే: దూరం తగ్గించాలి. రెండో ఘాతం దగ్గర ఆగినప్పుడు దూరం సగమైతే శేషం దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. సైన్‌కు ఆవర్తనం ఉంది కాబట్టి ఎంత పెద్ద కోణాన్నైనా చిన్నదిగా మార్చుకోవచ్చు. 1993లో సన్ మైక్రోసిస్టమ్స్ రాసిన ఎఫ్‌డీలిబ్‌ఎం అనే గణిత లైబ్రరీ ముందు కోణాన్ని సున్నాకు అటూ ఇటూ 0.7854 రేడియన్లలోకి కుదించుకుంటుంది. ఆ తర్వాత వాడేది పదమూడో ఘాతం దాకా ఉన్న బహుపది. దాని గుణకాలు టేలర్ గుణకాలకు అతి దగ్గరగా ఉంటాయి గానీ అవే కావు. టేలర్ బహుపది కేంద్రం దగ్గర అతి కచ్చితం, అంచు దగ్గర దోషమంతా పోగుపడుతుంది. గుణకాలను కాస్త సవరించి ఆ దోషాన్ని అంతరమంతా పరిచేస్తారు. శేషాన్ని పదంపదంగా చదివినవాళ్లకే ఆ సవరణ ఆలోచన వస్తుంది.

సూత్రంలోని పదాలు అయిపోయాయి గానీ శేషం కథ అయిపోలేదు. దోషం ఎంతకు మించదో చెప్పడం ఒక ఎత్తు, అది ఏ ఆకారంలో ఉందో కనిపెట్టి జవాబులో కలిపేయడం ఇంకో ఎత్తు. ఈ రెండో పని లగ్రాంజ్ కంటే ఎంతో ముందు, పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల కేరళలో జరిగింది. సంగమగ్రామ మాధవుడి పేరున చెప్పే శ్రేణి: పై (π) విలువ = 4 × (1 − 1/3 + 1/5 − 1/7 + …). ఇది చాలా నెమ్మది. పది పదాలు కూడితే 3.0418. గుర్తులు మారుతూ పదాలు తగ్గుతూ పోయే శ్రేణి కాబట్టి దోషం తర్వాతి పదాన్ని, అంటే 4/21ని, మించదు, అది 0.19. అసలు దోషం అందులో సగం, 0.0998.

మాధవుడి సంప్రదాయం ఆ సగాన్ని చూసింది. పదాల సంఖ్యతో ఒకటిని భాగించి కలపమంది: పది పదాలకు 0.1. జవాబు 3.1418 అవుతుంది. రెండో సవరణ: పదాల సంఖ్యకు నాలుగు రెట్లను, దాని వర్గానికి నాలుగు రెట్లకు ఒకటి కలిపిన దానితో భాగించడం. పది పదాలకు 40/401. జవాబు 3.1415902. మూడో సవరణ పది పదాలకు 404/4050 అవుతుంది. జవాబు 3.14159271. అసలు విలువ 3.14159265. సవరణ లేకుండా కేవలం పదాలు కూడుకుంటూ ఇంత దగ్గరికి రావాలంటే సుమారు 2 కోట్ల పదాలు కూడాలి. పదహారో శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాష ఈ సవరణల వెనక తర్కాన్ని వివరించింది: సవరణ పెట్టాక మిగిలే తేడా ఎంతో చూడటం, దాన్ని ఇంకా చిన్నది చేసే సవరణను వెతకడం. శేషానికి మళ్లీ శేషం అన్నమాట. టేలర్ సిద్ధాంతం పేరు లేకపోయినా దోష విశ్లేషణకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

చివరగా ఒక ఆక్షేపణకు సమాధానం. శ్రేణి ఎలాగూ ఉంది కదా, పదాలు కూడుకుంటూ పోతే అసలు విలువ రాదా, శేషం పేరుతో ఇంత గొడవెందుకు? ఈ నమ్మకం లగ్రాంజ్‌కూ ఉండేది. ఆయన కలన గణితం మొత్తాన్ని దానిమీదే కట్టబోయాడు. 1820ల్లో కోషీ ఒక ప్రమేయం చూపించాడు: ఆయిలర్ సంఖ్యకు ఋణ ఘాతం, ఆ ఘాతం ఎక్స్ వర్గంతో ఒకటిని భాగించినంత, సున్నా దగ్గర మాత్రం విలువ సున్నా. సున్నా దగ్గర దీని అవకలజాలన్నీ సున్నాలే. కాబట్టి టేలర్ బహుపది ఏ మెట్టు దగ్గరైనా సున్నాయే. ఎక్స్ అర అయినప్పుడు ప్రమేయం విలువ 0.0183, బహుపది విలువ సున్నా. కోటి పదాలు కూడినా సున్నా. ఇక్కడ ప్రమేయమంతా శేషమే. లగ్రాంజ్ నమ్మకం కూలింది గానీ ఆయన రాసిన శేషం సూత్రం ఇక్కడ కూడా చెల్లుతుంది: నడిమి బిందువు దగ్గర అవకలజాలు క్రమగుణితాన్నే మించిపోయేంత పెద్దవవుతాయి, అందుకే శేషం తగ్గదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసే మాస్టార్లకు ఒక మనవి. ‘నాలుగో ఘాతం వరకు విస్తరించండి’ దగ్గర ప్రశ్నను ఆపకండి. √26ను 25 దగ్గర రెండో ఘాతం వరకు విస్తరించి, వచ్చిన జవాబులో ఎన్ని దశాంశ స్థానాలు నమ్మవచ్చో కారణంతో చెప్పమనండి. మార్కుల్లో సగం ఆ కారణానికే వేయండి.